బండిని ఆపే అధికారం, మనిషిని నిలదీసే అధికారం

(కంచన్‌బాగ్‌లో జరిగిన స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి నన్ను పిలిచినప్పుడు మీరు ఒకే ప్రశ్న ఇచ్చారు. "రోడ్డు మీద పోలీసులు మన బండి ఆపటానికి చట్టంలో ఏ ఆధారం వుంది? అది చెప్పండి చాలు" అన్నారు. నేను లాయర్ని కాదు, సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. చట్టం పుస్తకంలో రాసివున్నదానికీ, రోడ్డు మీద నడిచేదానికీ మధ్య వుండే దూరాన్ని చూడటం నా పని. ఈ రోజు ఆ రెండింటి గురించీ మాట్లాడతాను. తెలుగులో చెబుతున్నందుకు ఇక్కడున్న ఆపాలు ఏమీ అనుకోవద్దు. తర్వాత ఉర్దూలో కూడా మాట్లాడుకుందాం.

ముందు నా అనుభవం ఒకటి చెబుతాను. కొన్నేళ్ళ క్రితం ఒక రాత్రి పదిన్నర ప్రాంతంలో, ఆస్పత్రిలో వున్న స్నేహితురాల్ని చూసి స్కూటర్ మీద ఇంటికి వస్తున్నాను. ఆమె తమ్ముడు నా వెనక కూర్చున్నాడు. అతన్ని దారిలో బస్టాపు దగ్గర దింపాలి. ఇద్దరికీ హెల్మెట్లు వున్నాయి. ఒకచోట బారికేడ్లు పెట్టి చెకింగ్ చేస్తున్నారు. బండి సైడుకు పెట్టమన్నారు, పెట్టాను. లైసెన్సు అడిగారు, చూపించాను. ఆ తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. "ఇతనెవరు? మీ ఆయన ఎక్కడ? ఈ టైములో బయటికెందుకొచ్చారు? ఇంట్లో తెలుసా? ఇంటి నంబరు చెప్పండి." అన్నిటికీ జవాబు చెప్పాను. చివరికి "జాగ్రత్తమ్మా, రోజులు బాగాలేవు" అని పంపించారు. నన్నెవరూ తిట్టలేదు, చెయ్యి వెయ్యలేదు. కానీ ఇంటికొచ్చాక చాలాసేపు నిద్రపట్టలేదు. వాళ్ళు అడిగినందుకు కాదు, నేను చెప్పినందుకు. పదిహేనేళ్ళుగా స్త్రీల హక్కుల గురించి రాస్తున్న మనిషిని, డాక్టరేటు చేసినదాన్ని, బళ్ళో టీచరు ముందు నిలబడ్డ పిల్లలాగా ఒక్కోదానికీ సంజాయిషీ ఇచ్చుకున్నాను.

ఆ రాత్రి అడిగిన వాటిలో మోటారు వాహనాల చట్టం కింద ఆధారం వున్నది ఒక్కదానికే. అది లైసెన్సు. మిగిలినవన్నీ వేరే చోటు నుంచి వచ్చాయి. ఆ వేరే చోటు ఏమిటన్నదే ఈ రోజు నా విషయం.

ఆపటానికి ఆధారాలు

1988 నాటి మోటారు వాహనాల చట్టంలో మనం గుర్తుంచుకోవలసిన సెక్షన్లు ఎక్కువ లేవు. 119వ సెక్షన్ ప్రకారం ట్రాఫిక్ నియంత్రణ పనిలో వున్న ఏ పోలీసు ఇచ్చే సూచననైనా డ్రైవరు పాటించాలి. ఆగమని చెయ్యి చూపిస్తే ఆగాలి. 130వ సెక్షన్ ప్రకారం బహిరంగ స్థలంలో యూనిఫాంలో వున్న ఏ పోలీసు అడిగినా లైసెన్సు చూపించాలి. ఇక్కడ మనలో చాలామందికి ఒక పొరపాటు అభిప్రాయం వుంది. "ఏ తప్పూ చెయ్యనిదే ఆపకూడదు" అనుకుంటాం. 130వ సెక్షన్‌లో అలాంటి షరతు లేదు. అనుమానం వుండాలని గానీ, కారణం చెప్పాలని గానీ అందులో రాయలేదు. యూనిఫాం వుండాలన్నదే షరతు.

132వ సెక్షన్ ప్రత్యేకంగా బండి ఆపే బాధ్యత గురించే. అది మాత్రం ఇరుకైనది. బండి వల్ల మనిషికో, జంతువుకో, ఇంకో వాహనానికో, ఆస్తికో ప్రమాదం జరిగితే, సబ్‌ఇన్‌స్పెక్టరు స్థాయికి తగ్గని యూనిఫాం అధికారి అడిగినప్పుడు ఆగాలి. పశువును తోలుకుపోయే మనిషి, ఆ పశువు బెదురుతోందని ఆపమన్నా ఆగాలి. గేదెల్ని తోలుకుపోయే ఆమెకు కూడా చట్టం ఆ మేరకు అధికారం ఇచ్చింది. ఈ సంగతి చెబితే మా విద్యార్థినులు నవ్వుతారు.

ఈ విషయంలో అన్ని దేశాలూ ఒకే దారిలో లేవు. అమెరికా సుప్రీంకోర్టు 1979లో డెలావేర్ రాష్ట్రానికి సంబంధించిన ఒక కేసులో, ఏ అనుమానమూ లేకుండా కేవలం లైసెన్సు చూడటానికని ఒక బండిని ఎంచుకుని ఆపటం రాజ్యాంగ విరుద్ధమంది. అయినా అక్కడ నల్లజాతి డ్రైవర్లను చిన్న చిన్న ట్రాఫిక్ సాకులతో ఆపటం ఆగలేదు. 1996లో అదే కోర్టు, చిన్నదైనా ట్రాఫిక్ తప్పంటూ కనిపిస్తే చాలు, పోలీసు మనసులో అసలు వున్నదేమిటో చూడనక్కర్లేదంది. బ్రిటన్‌లో యూనిఫాంలో వున్న పోలీసు ఏ కారణమూ చెప్పకుండానే బండి ఆపొచ్చని 1988 నాటి చట్టమే చెబుతుంది. మన చట్టం బ్రిటన్‌కు దగ్గరగా వుంది. అంచేత "ఎందుకు ఆపారు?" అన్న ప్రశ్న దగ్గర మన పోరాటం ఎక్కువ దూరం పోదు. "ఆపిన తర్వాత ఏం చేస్తున్నారు, దేని ఆధారంతో?" అన్న ప్రశ్న దగ్గరే మన బలం వుంది.

ఎందుకంటే ఆపిన తర్వాత ఒక్కో మెట్టుకూ చట్టం ఒక్కో ఆధారాన్ని అడుగుతుంది. తాగి నడుపుతున్నారేమోనని ఊదించాలంటే 203వ సెక్షన్ ప్రకారం ఆ పోలీసుకు సహేతుకమైన అనుమానం వుండాలి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు వుంటేనే అది నేరం. అరెస్టయిన స్త్రీ నుంచి పరీక్షకు రక్తం తీసేది మగ డాక్టరయితే ఇంకో స్త్రీ అక్కడ వుండి తీరాలని 204వ సెక్షన్ చెబుతుంది. బండిని స్వాధీనం చేసుకోవాలంటే 207వ సెక్షన్ వుంది. రిజిస్ట్రేషన్ లేకపోవటం, లైసెన్సు లేని మనిషో మైనరో నడపటం, పర్మిట్ లేకపోవటం లాంటి కారణాలు అందులో రాసివున్నాయి. "ఎదురు మాట్లాడింది" అన్న కారణం లేదు. లైసెన్సు చూపమనే సెక్షన్‌లో తాళంచెవి లాక్కోమని లేదు. 2021లో తెలంగాణ హైకోర్టు, తాగి నడిపిన కేసుల్లో కూడా తాగని మనిషి వెంట వుంటే, లేదా ఇంట్లోవాళ్ళు వస్తే, బండిని వాళ్ళకు అప్పగించాలని చెప్పింది.

కాగితాల సంగతి కూడా మారింది. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, ఎలక్ట్రానిక్ రూపంలో సరిగా వున్నాయని తేలిన పత్రాలను మళ్ళీ కాగితం మీద చూపమని అడగకూడదు. ఇంకా ముఖ్యమైనది ఇది: ఎవరు, ఏ తేదీన, ఏ సమయంలో తనిఖీ చేశారో పోర్టల్‌లో నమోదు చెయ్యాలి. మళ్ళీ మళ్ళీ ఆపి వేధించకుండా వుండేందుకే ఈ ఏర్పాటని ప్రభుత్వమే చెప్పింది. ఆపినవాళ్ళ పేరు రికార్డులో వుండాలన్నది మన కోరిక కాదు, నిబంధన.

సంజాయిషీ ఎవరికి?

ఇప్పుడు ఆ మిగిలిన ప్రశ్నల దగ్గరికి వద్దాం. "ఇతనెవరు? ఈ టైములో ఎందుకు?"

దర్యాప్తు జరుగుతున్న కేసులో సాక్షిగా ప్రశ్నించాలంటే, ఇంతకుముందు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనూ, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ పద్ధతి వుంది. రాతపూర్వకంగా పిలవాలి, స్త్రీని ఆమె నివసించే చోటే ప్రశ్నించాలి. మోటారు వాహనాల చట్టం 179వ సెక్షన్ ఆదేశాన్ని ధిక్కరించటాన్ని నేరంగా చెబుతుంది, నిజమే. కానీ అక్కడ 'చట్టబద్ధంగా ఇచ్చిన ఆదేశం', 'ఈ చట్టం కింద ఇవ్వవలసిన సమాచారం' అన్న మాటలున్నాయి. వెనక కూర్చున్నది మొగుడా, తమ్ముడా, స్నేహితుడా అన్నది బండి నడపటానికి సంబంధించిన సమాచారం కాదు.

మరి ఈ ప్రశ్నలు ఎక్కడి నుంచి వచ్చాయి? 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 109వ సెక్షన్‌లో, బతుకుతెరువు కనిపించని వాళ్ళనూ, తమ గురించి సంతృప్తికరమైన సంజాయిషీ ఇవ్వలేని వాళ్ళనూ మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి పూచీకత్తు అడిగే వీలుండేది. వలస ప్రభుత్వానికి ఊళ్ళు తిరిగే జాతులంటే, పనిలేని పేదలంటే భయం. 1973లో కొత్త కోడ్ రాసినప్పుడు ఆ మాట తీసేశారు. పుస్తకంలోంచి పోయింది గానీ రోడ్డు మీంచి పోలేదు. రాత్రి బయట కనిపించిన స్త్రీ తన గురించి సంతృప్తికరమైన సంజాయిషీ ఇచ్చుకోవాలన్న భావన అలాగే వుంది. సంతృప్తి పడవలసింది ఎదుట నిలబడ్డ మగవాడు.

ఈ ప్రశ్న ఎంత ప్రమాదకరమో హైదరాబాదులో స్త్రీల ఉద్యమానికి మొదటి నుంచీ తెలుసు. 1978 మార్చిలో రమీజాబీ, రిక్షా తొక్కుకు బతికే ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ రాత్రిపూట సినిమా చూసి వస్తున్నారు. నల్లకుంట పోలీసుల చేతిలో పడ్డారు. ఆమె మీద పోలీసులు అత్యాచారం చేశారు. ఆమె భర్త వాళ్ళ దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమంది, కాల్పులు జరిగాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను దోషులుగా తేల్చింది. కానీ కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయింది, 1981లో అక్కడి సెషన్స్ కోర్టు వాళ్ళను వదిలేసింది. కమిషన్ ముందు పోలీసుల తరఫున జరిగిన ప్రయత్నమంతా దేనికో గుర్తుందా? ఆమె వేశ్య అని చూపించటానికి. అంటే "రాత్రిపూట, పక్కనున్న మగవాడు నీకేమవుతాడు?" అన్న ప్రశ్నే. వీధిలో వేసిన ప్రశ్న స్టేషనుకు పోయింది, స్టేషను నుంచి కమిషన్ దాకా పోయింది. ఆ కేసులో మోటారు వాహనమే లేదు. రాత్రి, ఒక స్త్రీ, ఒక పేద మగవాడు, అంతే.

నాకు జరిగినదాన్ని రమీజాబీకి జరిగినదానితో సమానం చెయ్యటం లేదు. అలా చేస్తే ఆమెకు అన్యాయం చేసినట్టు. నేను చెప్పేది, రెండు సంఘటనల్లోనూ మొదటి మెట్టు ఒకటేనని. నాకు ఆ మెట్టు దగ్గరే ఆగింది. ఎందుకు ఆగింది? నా మాట తీరు, నా ఉద్యోగం, నా ఇంటి అడ్రసు, నా పేరు చూసి ఆగింది. చట్టం వల్ల కాదు.

హిజ్రాలకు అదీ వుండేది కాదు. నిజాం కాలంలో 1329 ఫస్లీలో చేసిన చట్టం ప్రకారం, స్త్రీ దుస్తుల్లో వీధిలో కనిపించిన హిజ్రాను వారంటు లేకుండా అరెస్టు చెయ్యొచ్చు. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసే దాకా ఆ చట్టం బతికే వుంది. నూరేళ్ళకు పైగా ఒక మనిషి వీధిలో కనిపించటమే నేరం.

పాతబస్తీ, గేటు, రోడ్డు

కంచన్‌బాగ్‌లో ఈ విషయం మాట్లాడటానికి ఒక ప్రత్యేకత వుంది. 1970లో వచ్చిన భారత్ డైనమిక్స్, 1973లో వచ్చిన మిధాని, రక్షణ పరిశోధనశాలలు ఈ చుట్టుపక్కలే వున్నాయి. మీ కళ్ళ ముందు ఎప్పుడూ ఒక గేటు వుంటుంది. గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపించటం, ఎవరి కోసం వచ్చారో చెప్పటం మామూలు. లోపలికి పోవాలంటే అది షరతు. కానీ రోడ్డు గేటు కాదు. డీఎంఆర్ఎల్ చౌరస్తాలో నిలబడటానికి, అక్కడి ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ దిగి సంతోష్‌నగర్ వైపు బండి మీద పోవటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పాతబస్తీలో చాలాసార్లు ఈ తేడా చెరిగిపోతోంది. రోడ్డునే గేటుగా మార్చేస్తున్నారు.

2021 మే నెలలో, లాక్‌డౌన్ రోజుల్లో, సామాజిక కార్యకర్త ఎస్‌.క్యూ. మసూద్ తన మామగారితో స్కూటర్ మీద పోతుంటే పాతబస్తీలో పోలీసులు ఆపారు. కరోనా సమయంలో మాస్కు తియ్యమన్నారు. ఆయన ఒప్పుకోకపోయినా ఫోటో తీశారు. ఆ ఫోటో ఎందుకు, ఎక్కడ దాస్తారు, ముఖగుర్తింపు యంత్రాలకు ఇస్తారా అని ఆయన హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. అదే 2021 అక్టోబరులో నగరంలో పోలీసులు బండ్లు ఆపి, కుర్రాళ్ళ ఫోన్లు తీసుకుని, వాట్సప్ సంభాషణల్లో 'గంజాయి' అన్న మాట వెతుకుతున్న వీడియోలు బయటికొచ్చాయి.

మాదకద్రవ్యాల చట్టం కింద బహిరంగ స్థలంలో తనిఖీ చేసే అధికారం వుంది, కాదనను. కానీ ఆ మనిషి దగ్గర సరుకు వుందని నమ్మటానికి కారణం వుండాలి. స్త్రీని స్త్రీయే తనిఖీ చెయ్యాలి. బారికేడ్ దగ్గర ఆగిన ప్రతివాడి జేబులోని ఫోనూ అనుమానానికి ఆధారం కాదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. ఆడపిల్ల ఫోను ఇంకొకరి చేతిలోకి పోవటమంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆమె ఫోటోలు, ఆమె స్నేహాలు, ఇంట్లో చెప్పని సంగతులు అన్నీ పోతాయి. "మీ నాన్నకు ఫోన్ చెయ్యమంటావా?" అన్న ఒక్క బెదిరింపు చాలు.

అందుకే ఈ సమస్యలో ఇల్లూ పోలీసూ వేరు వేరు కావంటాను. బురఖా వేసుకుని స్కూటీ నడిపే పిల్ల బారికేడ్ దగ్గర భయపడేది చలానాకు కాదు. కబురు ఇంటికి పోతే రేపటి నుంచి బండి తాళం ఇవ్వరని. బండి పోతే కోచింగ్ పోతుంది, ఉద్యోగం పోతుంది. పోలీసు అడిగే "ఇంట్లో తెలుసా?" అన్న మాట పితృస్వామ్యం చేతికి రాజ్యం అందించే తాళం. 2019 చివర్లో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలి మీద జరిగిన ఘోరం తర్వాత మనకు దొరికిన జవాబుల్లో ఒకటేమిటి? ఆర్టీసీలో స్త్రీలకు రాత్రి ఎనిమిది తర్వాత డ్యూటీ వద్దన్నారు. రక్షణ పేరుతో వచ్చేది చాలాసార్లు కర్ఫ్యూయే.

మనలోంచి వచ్చే ప్రశ్న

ఇక్కడ సారా వ్యతిరేక ఉద్యమంలో పనిచేసిన అక్కలు కొందరున్నారు. "తాగి బండి నడిపేవాళ్ళను ఆపొద్దంటావా?" అని వాళ్ళు అడుగుతారు, అడగాలి కూడా. దూబగుంట నుంచి 1992లో రగిలిన ఆ ఉద్యమం మనకు గర్వకారణం. తాగినవాడి బండి కింద పడేది మన పిల్లలే. హెల్మెట్ తనిఖీ వల్ల ప్రాణాలు నిలుస్తాయి. ఆపొద్దని నేను అనటం లేదు. ఆపిన ప్రతిసారీ దేనికోసం ఆపారో ఆ పని చేసి వదలాలంటున్నాను. మద్యం కోసం ఆపితే మద్యం చూడండి. లైసెన్సు కోసం ఆపితే లైసెన్సు చూడండి. మా సంసారాలు చూడొద్దు.

రాబోయే కాలంలో ఈ జాగ్రత్త ఇంకా అవసరం. కొత్త సంహిత 172వ సెక్షన్, పోలీసులు నేరనివారణ విధుల్లో ఇచ్చే చట్టబద్ధమైన ఆదేశాలను అందరూ పాటించాలని, ధిక్కరించిన మనిషిని నిర్బంధించి మేజిస్ట్రేటు ముందుకు తీసుకుపోవచ్చని, చిన్న విషయమైతే 24 గంటల్లోగా వదిలెయ్యవచ్చని చెబుతుంది. "చట్టబద్ధమైన" అన్న మాట మళ్ళీ ఇక్కడ వుంది. ఆ మాటకు అర్థం కోర్టులో తేలేలోపు రోడ్డు మీద తేలిపోతుంది. ఏది చట్టబద్ధమో మనకు తెలియకపోతే, యూనిఫాంలోంచి వచ్చిన ప్రతి మాటా చట్టబద్ధమే అవుతుంది.

ఏం చెయ్యాలి? ఆగమంటే ఆగండి. ఆగకుండా పోవటం నేరం, ప్రమాదం కూడా. లైసెన్సు చూపించండి. పేరు అడగండి. సమయం గుర్తుపెట్టుకోండి. బండికి సంబంధం లేని ప్రశ్న వస్తే గొంతు పెంచకుండా "ఇది ఏ కేసు విషయమండీ?" అని ఒక్కమాట అడగండి. స్టేషనుకు రమ్మంటే, సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు స్త్రీని అరెస్టు చెయ్యకూడదని, అసాధారణ పరిస్థితి వుంటే మహిళా పోలీసు అధికారి రాతపూర్వకంగా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలని గుర్తుచెయ్యండి. ఇది 2005 నాటి సవరణతో చట్టంలోకి వచ్చింది, కొత్త సంహితలో 43వ సెక్షన్‌గా కొనసాగుతోంది.

అయితే చీకట్లో, నలుగురు యూనిఫాం వాళ్ళ మధ్య, ఒంటరిగా వున్న స్త్రీకి సెక్షన్ నంబర్లు అప్పజెప్పమని సలహా ఇవ్వటం తేలిక. నాకే ఆ రాత్రి నోరు పెగల్లేదు. ఇళ్ళలో పని చేసుకుని వచ్చే దళిత స్త్రీ, పేరు చెప్పగానే చూపు మారిపోయే ముస్లిం స్త్రీ ఎదురు ప్రశ్న వేస్తే వచ్చే ఫలితం వేరుగా వుంటుంది. అంచేత ధైర్యాన్ని ఒక్కొక్కరి మీద మొయ్యమని వదిలెయ్యకూడదు. అది సంఘం పని.

నాది ఒక చిన్న ప్రతిపాదన. ఈ బస్తీలో సంఘం తరఫున ఒక నోటుబుక్కు పెడదాం. మనలో ఎవర్ని ఆపినా, ఏ గొడవా లేకుండా వదిలేసినా సరే, మర్నాడు వచ్చి చెప్పాలి. తేదీ, సమయం, చోటు, ఎవరు ఆపారు, ఏం చూపమన్నారు, ఇంకేం అడిగారు. పోలీసులు పోర్టల్‌లో నమోదు చేశారో లేదో సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం. ఆరు నెలల తర్వాత ఆ పుస్తకం పట్టుకుని పదిమందిమి కలిసి పై అధికారుల దగ్గరికి పోదాం. అక్కడ వినకపోతే మానవ హక్కుల కమిషన్ వుంది, హైకోర్టు వుంది. ఒక్కతె చెబితే 'ఆమెకు జరిగింది' అంటారు. నూరుమంది చెబితే అది పోలీసుల పద్ధతి అని తేలుతుంది.

ఆ పుస్తకంలో మొదటి పేజీ నాది రాసుకోండి. ఆ రాత్రి నన్ను అడిగిన ప్రశ్నలు ఐదు లైసెన్సుకు సంబంధం లేనివి. ఐదింటికీ జవాబు చెప్పాను. అది కూడా రాయండి.